ముంతలో నీళ్లు

"మీ నంబరుకి కోడ్ పంపించాం. ఆ కోడ్ ఇక్కడ ఎంటర్ చెయ్యండి."

కొత్త ఫోన్ తెరమీద ఈ మాటలు చదివి చాలాసేపు అలాగే కూర్చుండిపోయాను. నంబరులో చివరి రెండంకెలు మాత్రమే కనిపిస్తున్నాయి. చూడగానే గుర్తుపట్టాను. అది నా నంబరు కాదు, మా ఆయనది. ఆయన పోయి అప్పటికి రెండేళ్లయింది.

2024 వానాకాలంలో నా పాత ఫోన్ నీళ్లలో పడి పాడైంది. కొత్తది కొన్నాను. ఈమెయిలు తెలుసు, పాస్‌వర్డ్ తెలుసు. కొడితే అన్నీ వాటంతటవే వచ్చేస్తాయని షాపు కుర్రాడు కూడా చెప్పాడు. పాస్‌వర్డ్ సరిగ్గానే ఉంది. కానీ ఈ ఫోన్ కొత్తది కనుక నేను నేనేనని రుజువు కావాలట. ఆ రుజువు లేని మనిషి ఫోన్‌లో ఉంది!

ఫోటోలే కదా, పోతే పోయాయిలే అని పక్కింటావిడ ఓదార్చింది. ఫోటోలే అయితే ఇంత బాధపడేదాన్ని కాదు. అందులో మా అమ్మ ఉంది.

మాది శ్రీకాకుళం జిల్లా ఉద్దానం. అమ్మ అయిదో తరగతి వరకు చదువుకుంది. ఆమెకంటూ ఒక కాగితం ఎప్పుడూ లేదు. బియ్యం, కిరసనాయిలు, కొబ్బరి దింపుకూలి, జీడితోట కాపలా కూలి... ఇవన్నీ రాసే పద్దుపుస్తకం మాత్రం ఆమె చేతిలో ఉండేది. ఆ పద్దుపుస్తకాల వెనక పేజీల్లో, తలకిందులుగా తిప్పి, తనకొచ్చిన పాటలన్నీ రాసుకుంది. రోకటి పాటలు, ఊడుపు పాటలు, అప్పగింతల పాటలు. కొన్ని విన్నవి. కొన్ని తను కట్టినవి. ఏది ఏదో అడిగితే నవ్వి ఊరుకునేది. ముందునుంచి చూస్తే సంసారం, వెనకనుంచి చూస్తే ఆమె.

విజయనగరంలో లెక్చరర్‌గా పనిచేస్తున్న రోజుల్లో, 1997 వేసవిలో ఒక టేప్‌రికార్డర్ పట్టుకుని మా ఊరెళ్లాను. అమ్మ చేతా, వీధిలోని మరో నలుగురు ఆడవాళ్ల చేతా పాడించి మూడు క్యాసెట్లు నింపాను. ఆ నలుగురిలో ఇద్దరు పలాసలో జీడిపిక్కలు కొట్టేవాళ్లు. ఆ జీడి అంటి వాళ్ల వేళ్లు నల్లబడి తోలు ఊడిపోయి ఉండేవి. తర్వాత రోజుల్లో రేషను షాపులో మిషనుమీద వేలు పెడితే ముద్ర పడక వాళ్లు పడ్డ అవస్థ నేను చూశాను. మనం మనమేనని రుజువు చేసుకోవడం ఆడవాళ్లకి, అందులోనూ చాకిరీ చేసే ఆడవాళ్లకి, ఎప్పుడూ తేలిక కాదు. అప్పట్లో అది వాళ్ల కష్టమనుకున్నాను. నాదాకా వస్తుందనుకోలేదు.

మా వైపు అక్టోబరంటే భయం. 2013 అక్టోబరు 12న ఫైలిన్ గోపాలపూర్ దగ్గర తీరం దాటింది. సరిగ్గా ఏడాదికి, 2014 అక్టోబరు 12న, హుద్‌హుద్ విశాఖపట్నం మీద పడింది. విజయనగరంలో మా ఇంటి కిటికీ అద్దాలు పగిలి, గోడ బీరువాలోకి నీళ్లొచ్చాయి. అమ్మ పద్దుపుస్తకాలు నేను తెచ్చి దాచింది అందులోనే. అట్టలు ఉబ్బి, సిరా అలుక్కుపోయి, నాలుగో రోజుకి బూజు వాసన.

హైదరాబాదు నుంచి అబ్బాయి వచ్చాడు. మిగిలిన ప్రతి పేజీకీ ఫోటో తీశాడు. క్యాసెట్లు పట్టుకెళ్లి ఫైళ్లుగా మార్పించాడు. అన్నీ నా అకౌంటులోకి ఎక్కించాడు. "ఇంక తుఫానొచ్చినా, ఇల్లు కూలినా భయం లేదమ్మా. అన్నీ క్లౌడ్‌లో ఉన్నాయి" అన్నాడు. అప్పుడు అమ్మ మా దగ్గరే ఉంది. క్లౌడంటే ఏటని అడిగింది. మబ్బు, అమ్మమ్మా, అన్నాడు వాడు. అమ్మ పకపకా నవ్వింది.

"ఒలే గుంటా, మబ్బుని సూసి ముంతలో నీల్లు ఒలకబోసుకోకే!"

మేమూ నవ్వాం. నవ్వి, ఆ తడిసిన పుస్తకాలు పాత కాగితాలవాడికి ఇచ్చేశాం. ఫోటోలు తీశాం కదా! క్యాసెట్లు ఏమయ్యాయో కూడా గుర్తులేదు.

ఇక ఆ అకౌంటు సంగతి. 2011లో మా ఆయనే కూర్చుని తెరిచి పెట్టారు. ఫోన్ నంబరు అడిగింది. నాకప్పటికి సెల్‌ఫోన్ లేదు. నాది ఇస్తాలే అన్నారాయన. అంతే. అందులో కుట్రేమీ లేదు. ఆయన నా రాతలన్నిటికీ మొదటి పాఠకుడు. గ్యాసు కనెక్షన్ ఆయన నంబరుమీద, నా బ్యాంకు ఖాతా ఆయన నంబరుమీద, కరెంటు బిల్లు ఆయన నంబరుమీద. అన్నీ ప్రేమగానే జరిగిపోయాయి. మన జీవితాల్లో చాలా ఏర్పాట్లు ప్రేమగానే జరిగిపోతాయి కదా! ముప్పై ఏళ్లు ఉద్యోగం చేసి, స్త్రీల ఆర్థిక స్వాతంత్ర్యం మీద క్లాసులో గంటలకొద్దీ మాట్లాడిన నేను, నా గదికి తాళం ఎవరి జేబులో ఉందో ఒక్కసారి కూడా చూసుకోలేదు.

ఆయన పోయాక ఆ సిమ్‌కి రీచార్జి చెయ్యలేదు. రోజూ ఆయన పేరుతో వచ్చే మెసేజీలు చూడలేకపోయాను. వాడని నంబరు కొన్నాళ్లకి రద్దవుతుందనీ, తర్వాత దాన్ని ఇంకెవరికో ఇస్తారనీ నాకు తోచలేదు.

ఆ నంబరుకి ఫోన్ చేశాను. మోగింది! ఆయన నంబరు మోగుతుంటే నా చెయ్యి వణికింది. ఒక ఆడమనిషి ఎత్తింది. మా వైపు మాటే. నా కథంతా చెప్పాను. ఇప్పుడు మీ ఫోన్‌కి ఆరంకెలు వస్తాయమ్మా, అవి చెబితే చాలు అన్నాను.

"ఓటీపీయా? అమ్మో, అది ఎవులికీ సెప్పొద్దని మా డ్వాక్రా మీటింగులో మరీ మరీ సెప్పారండి. మీరెవులో నాకేటి తెలుసు? ఈ సిమ్ము మా ఆయన పేరుమీదుంది, మల్లీ నన్నంటాడు. ఏటనుకోకండమ్మా."

పెట్టేసింది. ముందు కోపమొచ్చింది. తర్వాత సిగ్గేసింది. ఆమె చేసిందే సరైన పని. నా విద్యార్థిని అయితే మెచ్చుకునేదాన్ని. మళ్లీ ఆమెకి ఫోన్ చెయ్యలేదు. కంపెనీవాళ్ల ఫారాలు నింపాను. అకౌంటు ఏ నెలలో తెరిచారని అడిగారు. అది ఆయనకే తెలియాలి. మీరు మీరేనని నిర్ధారించలేకపోతున్నామని జవాబొచ్చింది. మూడుసార్లూ అదే జవాబు. దానికి అవతల మనిషంటూ ఉన్నట్టు నాకనిపించలేదు.

ఇక్కడొక మాట చెప్పాలి. క్లౌడ్‌ని ఆడిపోసుకోవడానికి నేనిది రాయడం లేదు. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ పలాస దగ్గర తీరం దాటినప్పుడు మా ఉద్దానం నేలమట్టమైంది. కొబ్బరిచెట్లు, జీడిమామిళ్లు, పనసచెట్లు... మూడు తరాల తోటలు ఒక్కరాత్రిలో పడిపోయాయి. మా అమ్మ ఉన్న పెంకుటిల్లు సగం కూలింది. రోజుల తరబడి కరెంటు లేదు, ఫోన్‌లు లేవు. ఆ పుస్తకాలు ఆ ఇంట్లోనే ఉండి ఉంటే అప్పుడే పోయేవి. విజయనగరంలో కూర్చుని ఫోన్‌లో అమ్మ గొంతు వింటూ, అమ్మ బతికుందో లేదో తెలియక రెండు రోజులు గడిపాను. ఆ రెండు రోజులూ నన్ను నిలబెట్టింది క్లౌడే. అమ్మ ఆ మరుసటేడు పోయింది. అప్పుడూ అదే దిక్కయింది. అందుకే అంతగా నమ్మాను.

నాకు తాళం తియ్యడం రాలేదు. నా విద్యార్థిని ఒకమ్మాయికి అసలు తలుపే లేదు. పెళ్లయ్యాక వంటింట్లో, బస్సులో, పిల్లని నిద్రపుచ్చుతూ ఫోన్‌లో కవితలు రాసుకునేది. ఇంట్లో అందరికీ కలిపి ఒకటే అకౌంటు. ఒకరోజు అత్తగారింటి ట్యాబ్‌లో ఆమె నోట్స్ అన్నీ ప్రత్యక్షమయ్యాయి. ఇక్కడ రాసింది అక్కడ కనబడుతుంది, దాని పేరే సింక్. ఎవరినుద్దేశించి రాశావని భర్త ఒక్కొక్క పంక్తీ చదివి అడిగాడట. ఇక్కడ చెరిపితే అక్కడా చెరిగిపోతుంది కనుక, ఆ పిల్ల ఆ రాత్రే అన్నీ చెరిపేసింది. "మళ్లీ రాయట్లేదు మేడం" అంది. ఆమె కవితలు నా దగ్గర నాలుగున్నాయి, కాలేజీ మ్యాగజైనులో వేసినవి. అవి కాగితం మీద ఉన్నాయి కాబట్టి ఉన్నాయి.

సింక్ అంటే దాచడం కాదు, అద్దంలో చూపించడం. అద్దం ముందునుంచి మనిషిని తీసేస్తే అద్దంలోనూ ఉండదు. దాచడమంటే వేరు. ఒకచోట పోయినా ఇంకోచోట ఉండాలి. గ్రంథాలయాల వాళ్లు చెప్పే సూత్రం ఒకటుంది: మూడు ప్రతులు, రెండు రకాల సాధనాలమీద, ఒకటి వేరే ఊళ్లో. ఇది చిన్న సూత్రమే. కానీ మన స్త్రీల సాహిత్య చరిత్రంతా దీని చుట్టూనే తిరుగుతుంది.

1910లో వచ్చిన గురజాడ 'దిద్దుబాటు'నే తొలి తెలుగు కథగా చాలాకాలం చదువుకున్నాం, పాఠం చెప్పాం. విజయనగరంలో పాఠం చెప్పినదాన్ని, నాకు అది గర్వం కూడా. కానీ భండారు అచ్చమాంబ 'ధనత్రయోదశి' 1902లోనే 'హిందూ సుందరి'లో అచ్చయింది. మనకి ఆ సంగతి తెలిసిందంటే ఆ పాత పత్రిక ప్రతి ఎక్కడో మిగిలి ఉండబట్టే. ప్రతి లేకపోతే అచ్చమాంబ లేదు. ముద్దుపళని 'రాధికాసాంత్వనము'ని బెంగుళూరు నాగరత్నమ్మ 1910లో తిరిగి అచ్చువేయించింది. ప్రభుత్వం నిషేధించింది. నిషేధాన్ని దాటి ఆ కావ్యం బతికిందంటే, ప్రతులు ఒక్క చేతిలో లేకపోవడం వల్లే. మాకు దగ్గర్లోనే శ్రీకాకుళంలో కాళీపట్నం రామారావు మాస్టారు 1997 ఫిబ్రవరి 22న కథానిలయం మొదలుపెట్టారు. ఎవరెవరి ఇళ్లల్లోనో అటకలమీదున్న పాత పత్రికలు, జిరాక్సు ప్రతులు అక్కడికి చేరాయి. తర్వాత వాటిని స్కాన్ చేసి ఇంటర్నెట్‌లోనూ పెట్టారు. కాగితమూ ఉంది, తెరా ఉంది. ఒకదాన్ని నమ్మి రెండోదాన్ని పారెయ్యలేదు.

నేను పారేశాను.

చివరికి ఏం దొరికిందో చెబుతాను. పద్దుపుస్తకాల్లోంచి నేను లెక్కవేసి పెట్టుకున్న పాటలు అరవై ఒకటి. సోంపేటలో ఉన్న మా అప్ప దగ్గరికెళ్లి కూర్చున్నాను. ఆమెకి డెబ్భై నాలుగేళ్లు. చదువు రాదు. అప్ప పాడుతుంటే నేను రాసుకున్నాను. మూడు రోజుల్లో ఇరవై ఎనిమిది పాటలొచ్చాయి. కొన్నిచోట్ల ఆగి, "అమ్మ ఇలాగ పాడదే, ఇది నా మాట" అనేది. అలాగే రాశాను. వీధిలో మిగిలిన ఒక ముసలావిడ మరో ఆరు చెప్పింది. మిగతా ఇరవై ఏడు లేవు. అమ్మ తను కట్టినవి అందులోనే ఎక్కువనుకుంటాను, ఎందుకంటే వాటిని ఆమె ఎవరి ముందూ పాడేది కాదు.

గొంతు? మూడు క్యాసెట్లలో, ఎప్పుడో నేను అప్ప కూతురికి వాట్సాప్‌లో పంపిన రెండు నిమిషాల ముక్క ఒకటి ఆమె ఫోన్‌లో మిగిలింది. అందులో ఊడుపు పాట సగముంది. మధ్యలో ఎవరో బావి గిలక లాగుతున్న చప్పుడు. అమ్మ పాట ఆపి "బిందె సూసుకో" అని అరవడం. ఆ అరుపే ఇప్పుడు నాకు పాటకంటే ఎక్కువ.

2025 అక్టోబరు 14న గూగుల్ సంస్థ విశాఖపట్నంలో అయిదేళ్లలో 1500 కోట్ల డాలర్లు పెట్టి పెద్ద డేటా సెంటర్ కడతామని ప్రకటించింది. పేపర్లో చదువుతుంటే అమ్మే గుర్తొచ్చింది. మబ్బు ఆకాశంలో ఉండదమ్మా, నేలమీదే ఉంటుంది. దానికి ఎకరాలు కావాలి, కరెంటు కావాలి, యంత్రాలు చల్లబరచడానికి నీళ్లు కావాలి. ఎవరి నేల, ఎవరి నీళ్లు, ఎవరి తాళం అన్న మన పాత ప్రశ్నలన్నీ దానికీ వర్తిస్తాయి. ఆ మబ్బు మా పక్క జిల్లాకే వస్తోందని సంతోషించాలో, నా ముప్ఫై నాలుగు పాటల్ని గట్టిగా పట్టుకోవాలో తెలియక రెండూ చేశాను.

ఆ ముప్ఫై నాలుగింటినీ డీటీపీ చేయించి ఇరవై జిరాక్సు ప్రతులు తీయించాను. ఒకటి అప్పకి, ఒకటి ఆ ముసలావిడ మనవరాలికి, మిగతావి స్నేహితులకి. పెన్‌డ్రైవ్‌లో ఒకటి. క్లౌడ్‌లోనూ పెట్టాను, నా పేరుతో, నా నంబరుతో. నేను పోతే తెరవడానికి ఇంకో ఇద్దరు ఆడవాళ్లకి వివరాలు రాసిచ్చాను.

ఈ వ్యాసం చదివాక మీరు రెండు పనులు చెయ్యాలని నా కోరిక. మీ అకౌంటులో ఉన్న నంబరు ఎవరిదో ఒకసారి తెరిచి చూసుకోండి. మీ అమ్మ పద్దుపుస్తకం ఇంట్లో ఎక్కడైనా ఉంటే తిరగేసి వెనక పేజీలు చూడండి. ఫోటోలు తీసుకోండి. తీసుకున్నాక కూడా, పుస్తకం మాత్రం పారెయ్యకండి.