గ్యాస్ స్టేషన్‌లో కలభాషిణి

న్యూజెర్సీలో ఎవరి కారుకు వాళ్ళు పెట్రోలు పోసుకోకూడదు. 1949 నుంచీ చట్టం. దాని పుణ్యమా అని నాలాంటివాళ్ళకు రాత్రి డ్యూటీ దొరుకుతోంది. అర్ధరాత్రి రెండు దాటితే కార్లు పెద్దగా రావు. నిద్ర ఆపుకోవడానికి ఒక చలికాలం మా టౌన్ లైబ్రరీలో కార్డు తీసుకున్నాను. పైసా ఖర్చు లేదు.

అక్కడి పెద్దావిడ నేను తెలుగువాడినని విని, వేరే ఊరి లైబ్రరీ నుంచి ఒక పుస్తకం తెప్పించి ఇచ్చింది. పేరు 'ది సౌండ్ ఆఫ్ ది కిస్'. ఆ పేరు చూసి నాకు సిగ్గేసింది. లోపల చూస్తే మన పింగళి సూరన 'కళాపూర్ణోదయం'! విస్కాన్సిన్ యూనివర్సిటీలో ఏళ్ళ తరబడి తెలుగు చెప్పిన వెల్చేరు నారాయణరావు గారు, డేవిడ్ షుల్మన్ గారు కలిసి చేసిన ఇంగ్లీషు అనువాదం. 2002లో కొలంబియా యూనివర్సిటీ ప్రెస్ వేసింది. ఇంటర్‌లో ఈ కావ్యం పేరు నాకు ఒక మార్కు ప్రశ్న, అంతే. 16వ శతాబ్దంలో నంద్యాల కృష్ణమరాజుకు అంకితమిచ్చిన పుస్తకమని ఇక్కడికొచ్చాక తెలిసింది. మాదీ నంద్యాల పక్క పల్లెటూరే.

పద్యంలో రాసిన నవల అంటారు దీన్ని. నిజంగా నవలే. ద్వారకలో కలభాషిణి అనే వేశ్యాకన్య ఉంటుంది. రంభతో విమానంలో పోతున్న నలకూబరుణ్ణి చూసి మనసు పడుతుంది. అతను దేవలోకం వాడు, తను మనిషి. ఎట్లా దొరుకుతాడు? నారదుడి వరంతో రంభ రూపం తెచ్చుకుంటుంది. ఇంకోపక్క మణికంధరుడనే గంధర్వుడు. రంభ తన కౌగిట్లో ఉండి నలకూబరుడి పేరు పలికిందని నొచ్చుకుని, తనే నలకూబరుడి రూపం దాలుస్తాడు. చివరికి దొంగ రంభ, దొంగ నలకూబరుడు కలుసుకుంటారు. ఒకరికొకరు తెలీదు.

ఇది చదివేటప్పుడు తెల్లవారుజాము నాలుగు. పుస్తకం మూసేశాను.

ఎందుకంటే నేనూ వేషంలోనే ఉన్నాను. కాగితాల పని తేలక నాలుగేళ్ళుగా ఇంటికి పోలేదు. మా ఆవిడకు మాత్రం ఆఫీసులో కంప్యూటర్ పని అని చెప్పాను. పండగకు పంపిన ఫోటో కూడా ఎవరిదో ఆఫీసు ముందు నిలబడి తీయించుకున్నదే. ఆమె ప్రేమగా మాట్లాడుతుంటే, అది నాతోనా, ఆ ఫోటోలో వాడితోనా అని అనుమానం వచ్చేది.

రెండు రోజులు ఆలోచించి ఫోన్ చేశాను. ఇక్కడ రాత్రి పదకొండు, అక్కడ పొద్దున ఎనిమిదిన్నర. ఉన్నదున్నట్టు చెప్పేశాను. కాసేపు మాట లేదు. తర్వాత, "ఏమండీ, మీరు మాట్లాడేటప్పుడు రోజూ కారు హారన్లు వినిపిస్తాయి. ఆఫీసులో హారన్లేమిటని నేను ఎప్పుడో అనుకున్నా. మీరే చెబుతారని చూస్తా ఉన్నా" అంది.

ఊపిరి పీల్చుకునే లోపలే ఇంకో మాట అంది. "నాదీ ఒకటుంది. గాజులు బ్యాంకులో ఉన్నాయి. పాప ఫీజుకు పెట్టా. మీరు పంపింది చాలుతుందని అబద్ధం చెప్పా."

ఇద్దరం నవ్వాం, ఏడ్చాం కూడా. అప్పటి నుంచి ప్రతి ఆదివారం లెక్కలు ఇద్దరం కలిసి చూసుకుంటున్నాం. గాజులు ఇంకా విడిపించలేదు. జూన్ లోపల అనుకుంటున్నాం.

పుస్తకం చివర మణికంధరుడు కళాపూర్ణుడిగా, కలభాషిణి మధురలాలసగా మళ్ళీ పుట్టి పెళ్ళి చేసుకుంటారు. దేవతల మధ్య తిరిగినవాళ్ళకే సొంత రూపంతో కలుసుకోవడానికి ఇంకో జన్మ పట్టింది. మాకు ఒక ఫోన్ కాల్‌తో అయింది.

ఇంగ్లీషు పుస్తకం తిరిగిచ్చేశాను. ఇప్పుడు తెలుగు మూలం చదువుతున్నాను. పద్యాలు కష్టంగానే ఉన్నాయి. అర్థం కానివి రాసుకుని ఫోన్‌లో మా ఆవిడకు చదివి వినిపిస్తాను. ఆమె తెలుగు నాకన్నా మెరుగు. ఎనిమిది ఆశ్వాసాల్లో రెండు అయ్యాయి.

రాత్రి డ్యూటీ చేసే అన్నలకు, అక్కలకు ఒక మాట. మీ ఊళ్ళో లైబ్రరీ ఉంటుంది. అడ్రసు రుజువు చూపిస్తే కార్డు ఇస్తారు. ఒకసారి వెళ్ళి చూడండి.