ఏప్రిల్ 14న మా తాత

మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటివాణ్ణి నేను. ఉస్మానియాలో పీజీ సీటు వచ్చిన రోజు తార్నాకలో ఉండే మా చిన్నతాత దగ్గరికి పరుగెత్తాను. ఆయన 1971 యుద్ధంలో జవాను. మిలిటరీ నుంచి వచ్చాక ఫైర్ సర్వీసులో చేరి, అక్కడే రిటైరయ్యాడు.

ఆర్ట్స్ కాలేజీ చూపిస్తే మురిసిపోతాడనుకున్నాను. 1939 నాటి ఆ రాతి భవనాన్ని తలెత్తి చూసి, "బయటికి ఎన్ని దారులున్నయిరా?" అన్నాడు. నాకు నవ్వొచ్చింది.

యుద్ధం గురించి ఎంత అడిగినా చెప్పేవాడు కాదు. మంటల గురించి మాత్రం విసుగు లేకుండా చెప్పేవాడు. పొగలో నిలబడొద్దు, నేలకు వంగి పాకాలి. కరెంటు మంట మీద నీళ్లు పోయొద్దు, ముందు మెయిన్ ఆపాలి.

ఏటా ఏప్రిల్ 14న అంబేద్కర్ విగ్రహానికి దండ వేసి, తర్వాత కాసేపు మౌనంగా నిలబడేవాడు. 1944లో అదే రోజున బొంబాయి రేవులో ‘ఫోర్ట్ స్టికీన్’ ఓడ పేలిపోయి, మంటలార్పుతున్న 66 మంది ఫైర్‌మెన్ ప్రాణాలు విడిచారు. అందుకే అది అగ్నిమాపక దినం కూడా. "వాళ్లు ఉరికిపోవచ్చు. పోలె" అనేవాడు.

ఒక చలికాలం రాత్రి నా గదిలో నీళ్లు కాచే హీటరు వైరు అంటుకుంది. మిత్రుడు బకెట్ ఎత్తాడు. తాత మాట గుర్తొచ్చి అతన్ని ఆపి, మెయిన్ కట్టేశాను. ఇద్దరం బతికాం.

ఈ సంగతి తాతకు చెప్పాలి. పరీక్షలయ్యాక చెబుదాంలే అనుకున్నాను. ఆ నెలలోనే ఆయన కన్నుమూశాడు.

ఇప్పుడు ఏ భవనంలోకి వెళ్లినా ముందు దారులే లెక్కపెడుతున్నాను. తమ్ముళ్లారా, మీ గది మెయిన్ ఎక్కడుందో ఈ రాత్రే చూసుకోండి. ఇంట్లో పెద్దలకు చెప్పాల్సిన మాట ఉంటే వాయిదా వేయకండి.