రెండు మనియార్డర్లు

నేను సైన్యంలో పురోహితుడుగా పనిచేసి వచ్చానంటే మా నల్లగొండలో ఇప్పటికీ నవ్వేవాళ్లున్నారు. "తుపాకులు పేలేకాడ పంతులుకేం పని అయ్యగారూ? ముహూర్తం చూసి లడాయికి తోలుతరా ఏంది?" అంటారు.

2020 జూన్‌లో ఆ నవ్వు కొంత తగ్గింది. ఆ నెల 15న గల్వాన్ లోయలో మనవాళ్లు ఇరవైమంది ప్రాణాలర్పించారు గదా! వారికి నాయకుడైన కర్నల్ సంతోష్ బాబు సూర్యాపేట బిడ్డ. సూర్యాపేట ఇప్పుడు వేరే జిల్లా గాని, 2016 దాకా మా నల్లగొండ జిల్లాలోదే. ఆ రోజుల్లోనే మా వీధిలో ఒకాయన నా పక్కన కూర్చుని మెల్లగా అడిగాడు: "ఇట్లాంటప్పుడు ఆ ఇంటోళ్లతోని ఏం మాట్లాడుతరు అయ్యగారూ?"

ఏమీ మాట్లాడం. కూర్చుంటాం. మా ఉద్యోగంలో పెద్ద భాగం అదే.

మాది అర్చకుల ఇల్లు. గుడి ఆదాయం ఒక సంసారానికే చాలేది కాదు. నేను సంస్కృతం చదువుకున్నవాణ్ణి గనుక, సైన్యంలో ధర్మగురువులు కావాలన్న ప్రకటన చూసి దరఖాస్తు పెట్టాను. పుణెలోని జాతీయ సమైక్యతా సంస్థలో శిక్షణ. పండితుడు, మౌల్వీ, గ్రంథీ, పాదిరీ, బౌద్ధ భిక్షువు అందరం ఒకచోటే. తర్వాత నాయబ్ సుబేదారు హోదా ఇచ్చి పటాలానికి పంపారు. అక్కడ సర్వధర్మస్థలంలో ఒకే కప్పు కింద అందరి దేవుళ్లూ కొలువుంటారు. పూజలు చేయడం, కొత్త జవాన్లు ప్రమాణం చేసే రోజున గ్రంథం పట్టుకుని నిలబడడం, ఆస్పత్రిలో రోగులను పలకరించడం, శిక్షలో ఉన్నవాణ్ణి చూసి రావడం, అంత్యక్రియలు జరిపించడం, జవాన్ల కుటుంబాల మంచిచెడ్డలు కనుక్కోవడం, ఇవీ మా విధులు. మొదటివన్నీ మా నాన్నగారి చలవవల్ల బాగానే వచ్చాయి. చివరిది మాత్రం నాకు నేర్పిన గురువు వేరు.

2001 డిసెంబరులో పార్లమెంటు మీద దాడి జరిగాక సైన్యమంతా సరిహద్దుకు కదిలింది. మా పటాలం రాజస్థాన్ ఇసుకలో మకాం వేసింది. సెలవులు బంద్. ఇంటికీ మాకూ ఉత్తరమే వంతెన. ఎండాకాలంలో ఒక సాయంత్రం కల్వకుర్తి వైపు కుర్రవాడొకడు నా గుడారానికి వచ్చి ఒక ఉత్తరం చేతిలో పెట్టాడు.

"సాబ్, మీరు మనదిక్కోళ్లు. నాకు విడాకుల కాయితం రాసియ్యుండ్రి."

వాళ్లమ్మ రాయించిన ఉత్తరం అది. కోడలు కడియాలు పట్టుకుని తల్లిగారింటికి పోయిందనీ, కొడుకు సంపాదన అంతా అటే పోతోందనీ, ఇంకా చాలా ఉంది. నేను రామాయణం చెప్పాను, గీత చెప్పాను. వాడు తల వంచుకుని విన్నాడు. విని, "కాయితం ఎప్పుడు రాస్తరు సాబ్?" అన్నాడు.

ఏం చేయడానికీ పాలుపోలేదు. ఆ రాత్రి మా ఆవిడకు ఉత్తరం రాశాను. ఆవిడ నల్లగొండలో మా నాన్నగారి దగ్గర ఉండేది. ఒకసారి ఆ ఊరు వెళ్లి సంగతేమిటో చూసి రమ్మన్నాను.

మూడు వారాలకు జవాబు వచ్చింది. దేవరకొండలో బస్సు మారి కల్వకుర్తి చేరి, అక్కణ్ణుంచి ఆ ఊరు వెళ్లి, అత్తగారింట్లో ఒకరాత్రి ఉండి, మర్నాడు కోడలి తల్లిగారింటికి పోయిందట. సంగతి ఇదీ: జవాను పంపే డబ్బు నెలనెలా తల్లి పేర వస్తోంది. పసిదానికి జ్వరం వచ్చింది. అత్త ఇంట్లో లేదు, కోడలి చేతిలో పైసా లేదు. కడియాలు కుదువబెట్టి డాక్టరుకు చూపించింది. తర్వాత అత్త నాలుగు మాటలంటే, రోషపడి పిల్లను తీసుకుని వెళ్లిపోయింది. అత్తకు రాయడం రాదు. ఉత్తరం రాసిపెట్టిన పెద్దమనిషి తన సొంత కవిత్వం కొంత కలిపాడు.

"అత్తగారు చెడ్డదేం కాదండీ," అని రాసింది మా ఆవిడ. "డబ్బు కోడలి పేర వస్తే రేపు తనకు బువ్వ ఎవరు పెడతారని ఆమె భయం. ఎవరి భయం వాళ్లది. ఆ అబ్బాయిని రెండు మనియార్డర్లు పంపమనండి, ఇద్దరి పేరా వేరువేరుగా. శ్లోకాలేం చెప్పకండి."

కింద, ఉత్తరం మూలగా, ఇంకో వాక్యం ఉంది: "బస్సు చార్జీలకు మామగారిని అడిగి యాభై రూపాయలు తీసుకున్నాను. ఏం పనని అడిగారు, చెప్పాను."

ఆ వాక్యం మొదట మామూలుగానే చదివాను. మళ్లీ చదివాను. నేను పటాలంలో చేరి అప్పటికి పదకొండేళ్లు. పదకొండేళ్లుగా నా జీతం నెలనెలా మా నాన్నగారి పేర వెళ్తోంది. అది నాకు పితృభక్తిగా తోచిందే తప్ప, ఇంకో మనిషి చేయి చాచి అడగవలసి వస్తుందని ఒక్కనాడైనా తట్టలేదు. ఆవిడ ఒక్కసారీ అనలేదు. ఇప్పుడూ అనలేదు, లెక్క రాసింది, అంతే.

మర్నాడు ఆ కుర్రవాణ్ణి పిలిచి ఉత్తరం చదివి వినిపించాను. చివరి వాక్యం మాత్రం వదిలేశాను. వాడు చాలాసేపు ఇసుకలో బూటుతో గీతలు గీశాడు. "కడియాలు పిల్లకోసమా సాబ్?" అన్నాడు. నెల మొదట్లో ఫీల్డు పోస్టాఫీసు ముందు ఇద్దరం ఒకే వరుసలో నిలబడ్డాం. వాడు రెండు ఫారాలు నింపాడు. నేనూ రెండు నింపాను. వాడు నావంక చూశాడు గాని ఏమీ అడగలేదు.

అక్టోబరులో సైన్యాన్ని వెనక్కు పిలిచారు. వాడు సెలవు మీద పోయి, తల్లినీ పెళ్లాన్నీ ఒక ఇంట్లో చేర్చి వచ్చాడు. పోట్లాట పూర్తిగా తగ్గిందని చెప్పను. ఏ ఇంట్లో తగ్గింది గనుక! కాగితం మాట మళ్లీ ఎత్తలేదు.

నేను సెలవు మీద వచ్చి చూస్తే, నేను పంపిన డబ్బు సగానికిపైగా పప్పు డబ్బాలో అలాగే ఉంది. "ఖర్చుపెట్టుకోలేదేం?" అన్నాను.

"ఖర్చేముందండీ? ఎవరినీ అడక్కుండా ఉన్నాను గదా, చాలు," అంది.

ఆ తర్వాత ఏ జవాను సంసారం గొడవ నా దగ్గరకు వచ్చినా, శ్లోకం ఎత్తుకోకముందు డబ్బు ఎవరి పేర పోతోందని అడగడం అలవాటు చేసుకున్నాను. జబ్బు సగం అక్కడే దొరికేది. మంచి సలహాదారునని పటాలంలో పేరు కూడా వచ్చింది. భుజం మీద నక్షత్రం నాది, పింఛను నాది, పేరు కూడా నాకే దక్కింది!

ఇప్పుడు మంచి ఉద్యోగం వచ్చిన కుర్రాళ్లు పెళ్లి ముహూర్తానికి మా ఇంటికి వస్తుంటారు. పంచాంగం తీసేలోగా లోపలినుంచి మా ఆవిడ గొంతు వినిపిస్తుంది: "అడిగారా?"

"అడుగుతున్నానే," అంటాను. కుర్రవాడు తెల్లబోయి చూస్తాడు. అప్పుడు పంచాంగం మూసి, కుర్చీ దగ్గరకు లాక్కుని అడుగుతాను.