తడ తీరమున ఘటసర్పము కథలు

మద్రాసు వైపు పోయే రైలు మార్గములో ఆంధ్ర రాష్ట్రమునకు చివరి స్టేషను తడ. దాని తరువాత వచ్చే ఆరంబాకము తమిళనాడుది. ఎన్నో ఏండ్లు నెల్లూరు జిల్లాలో ఉండి, 2022 ఏప్రిల్ నుండి తిరుపతి జిల్లాలో చేరిన ఈ ఊరిని రైలు ప్రయాణికులు చాలామంది కిటికీలోనుండి చూచి దాటిపోతారు. దిగితే చూడవలసినవి ఉన్నవి. పడమట వరదయ్యపాళెం మీదుగా పోతే కొండలలో ఉబ్బలమడుగు జలపాతము. తూర్పున పులికాట్ సరస్సు. చిల్కా తరువాత మన దేశములో పెద్ద ఉప్పునీటి సరస్సు ఇదే. దాని ఆవలి ఒడ్డున శ్రీహరికోట దీవి, ఆ దీవి వెనుక బంగాళాఖాతము.

గత వేసవిలో అక్కడి సంఘము వారి సెలవుల బైబిలు పాఠశాలకు వెళ్ళాను. చివరి దినమున పిల్లలను భీములవారిపాలెం రేవు నుండి పడవలో ఇరకం దీవికి తీసికొనిపోయారు. సరస్సు లోతు చాలా తక్కువ. చాలాచోట్ల మనిషి దిగి నడువవచ్చును, పడవవాడు గడ వేసి నెట్టుకొనిపోవచ్చును. చలికాలములో ఇక్కడికి వేలకొలది ఫ్లెమింగో పక్షులు వస్తాయి. వేసవి గనుక ఒడ్డు వెంబడి నీరు తీసి, ఉప్పు పేరుకొన్న బురద పగుళ్ళు బారి ఉంది.

పడవ నడిపే అన్న శ్రీహరికోట వైపు చెయ్యి చూపి, రాకెట్టు లేచినప్పుడు తడలో డాబాలెక్కి చూస్తామని, నిప్పు ముందు కనబడి చప్పుడు తరువాత వస్తుందని చెప్పాడు. పిల్లలలో ఒకడు "డ్రాగన్ మాదిరి" అన్నాడు. ఆ పోలిక వానికొక్కనికే తోచినది కాదు. 2025 జూన్ 25న మన శుభాంశు శుక్లా గారు అమెరికా నుండి అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రమునకు ఎక్కి వెళ్ళిన నౌక పేరే డ్రాగన్. పిల్లలకు ఆ మాట చెప్పగానే పడవంతా సందడి అయింది. డ్రాగన్ నిజంగా ఉంటుందా అని ఒక పాప అడిగింది. ఇండోనేషియాలో మూడు మీటర్ల వరకు పెరిగే కొమోడో డ్రాగన్ మన ఉడుముకు దగ్గరి చుట్టమేనని, మనము దారము కట్టి ఆడించే తూనీగను కూడా ఇంగ్లీషువారు ఆ పేరుతోనే పిలుస్తారని చెప్పాను. (ఉడుమును పట్టుట, చంపుట నేరమని కూడా చెప్పవలసి వచ్చింది. ఆ సంగతి కొందరికి క్రొత్త.)

మొదట ఆ మాట అన్న బాలుడు మాత్రము మరి నోరు విప్పలేదు. వానికి పదకొండేళ్ళు. తండ్రి సరస్సులో చేపలు, రొయ్యలు పట్టి కుటుంబమును పోషించే సహోదరుడు. ఇరకంలో దిగిన తరువాత ఆయన నన్ను ప్రక్కకు పిలిచాడు.

"అయ్యగారూ, ఘటసర్పమంటే సాతానే గదా. ప్రకటనలో రాసుండాది. మావాడు దాన్ని సాకతా ఉండే బొమ్మల సినిమా ఫోనులో రోజూ చూస్తా ఉండాడు. బైబిలు అట్ట లోపల కూడా దాని బొమ్మే గీసిపెట్టినాడు. తట్టుకోలేక కొట్టినాను. ఆ దినం నుంచి నాతో మాట లేదు. ఈడికి కూడా వాళ్ళమ్మ బతిమాలితే వచ్చినాడు."

ఆ తండ్రి మాటలలో కోపముకంటే భయమే ఎక్కువగా వినబడింది. కుమారుడు దేవునికి దూరమగుచున్నాడని ఆయన భయము. ఈ ప్రశ్నతో మరికొన్ని సంఘములలో కూడా తలిదండ్రులు నా యొద్దకు వచ్చియున్నారు గనుక కొంచెము వివరముగా వ్రాయుచున్నాను.

ఘటసర్పము అను మాట మనకు ప్రకటన గ్రంథము 12వ అధ్యాయములోనిది. ఎఱ్ఱనిది, ఏడు తలలు, పది కొమ్ములు గలది. పుట్టబోవు శిశువును మ్రింగుటకు కాచుకొని నిలుచున్నది. అది ఎవరో 9వ వచనము స్పష్టముగా చెప్పుచున్నది, అందులో సందేహము లేదు. అయితే యోహాను దానిని మన కన్నులకు మరుగు చేయలేదని గమనించండి. రంగు చెప్పి, తలలు లెక్కపెట్టి, కొమ్ములు లెక్కపెట్టి మరీ చూపించాడు. ఆ తరువాత అది పడద్రోయబడుట కూడా చూపించాడు. యోబు 41వ అధ్యాయములోని మకరము సంగతి వేరు. దాని నోట నిప్పురవ్వలు, ముక్కున పొగ. దానిని వర్ణించువాడు దేవుడే, తన చేతిపనియని వర్ణించుచున్నాడు. యెహెజ్కేలు 29లో మన బైబిలు పెద్ద మొసలి అన్నచోట ఇంగ్లీషు కింగ్ జేమ్సు బైబిలు డ్రాగన్ అన్నది. అక్కడ ఆ పేరు ఫరో రాజుకు పెట్టబడింది, నైలు నది నాదే, నేనే చేసికొన్నానని అతిశయించినందుకు. కాబట్టి ఆ మృగము పేరు వినబడిన ప్రతిచోట ఒకే అర్థము తీయుటకు వీలులేదు. కథ దానిని ఏ పనికి పెట్టిందో చూడవలెను. దానిని జయించుట చూపుచున్నదా, మన హృదయమును దానిలో చూపించుచున్నదా, లేక దాని బలమునకు మ్రొక్కమనుచున్నదా?

తడ వారు దీనిని చూచుటకు దూరము పోనక్కరలేదు. ఈ సరస్సు దక్షిణపు కొనన పులికాట్ పట్టణములో డచ్చివారు 1613లో కోట కట్టుకొన్నారు. ఉత్తరమున దుగరాజపట్నములో ఇంగ్లీషువారు 1626లో వర్తకస్థానము పెట్టి, అక్కడ నిలదొక్కుకోలేక మద్రాసుకు మారి, 1640లో సెయింట్ జార్జి కోట కట్టారు. తడలో లోకల్ రైలెక్కి మద్రాసుకు పోయేవారు ఆ పేరు ఎన్నిసార్లో విని ఉంటారు. 1947 సెప్టెంబరు 27న దక్షిణ ఇండియా సంఘము ఏర్పడినది కూడా అదే పేరుగల మద్రాసు కథీడ్రలులోనే. జార్జి అనగానే పాత చిత్రములలో గుఱ్ఱము, ఈటె, క్రింద డ్రాగన్. మధ్యయుగములలో వ్యాపించిన ఆ కథ చరిత్ర కాదు, వాక్యమూ కాదు. అయినను వినదగినది. ఒక పట్టణము వారు డ్రాగన్ తమ జోలికి రాకుండ దానికి రోజూ గొఱ్ఱెలను వేస్తారు. గొఱ్ఱెలు తక్కువైనప్పుడు చీట్లు వేసి పిల్లలను పంపుతారు. చివరకు రాజు కుమార్తె పేరున చీటి పడుతుంది. అప్పటివరకు ఆ పద్ధతి బాగానే ఉన్నదని అందరూ ఊరుకొన్నారు! సాయంకాలము మనకు తీరిక కావాలని పిల్లల చేతికి ఫోను ఇచ్చి పంపినప్పుడెల్లా నాకు ఆ పట్టణము గుర్తుకు వచ్చును.

ఇక ఆ బాలుడు చూచుచున్న సినిమా. వాని తల్లి ఫోనులో చూపించింది. "హౌ టు ట్రైన్ యువర్ డ్రాగన్" అని 2010లో వచ్చిన బొమ్మల చిత్రము. క్రెసిడా కవెల్ అను ఇంగ్లీషు రచయిత్రి పుస్తకముల ఆధారముగా తీశారు, 2025లో మనుష్యులతో మరల తీశారు. ఒక దీవి. డ్రాగన్లను చంపుటయే ఆ ఊరివారి పని. ఊరిపెద్ద కుమారుడు హికప్ బక్కవాడు. వాడు ఒక డ్రాగన్‌ను పడగొట్టి, చంపబోయి, దాని కన్నులలో తన భయమే చూచి విడిచిపెడతాడు. విరిగిన దాని తోకకు తోలు అతికి ఎగురుటకు సాయము చేస్తాడు. తండ్రికి తెలిసినప్పుడు నీవు నా కొడుకువే కావంటాడు. చివరకు తండ్రి వానిని క్షమాపణ కోరతాడు.

ఆ సహోదరునితో నేను వాదించలేదు. ఈ కథ మాత్రము చెప్పాను. ఆ సినిమాలో పిల్లవాడు సాతానును పెంచుట లేదయ్యా, తండ్రితో మాట్లాడలేక అవస్థపడుచున్నాడు అన్నాను. ఆయన చాలాసేపు నీటివైపు చూచి, "అంతే ఉండాదా దాంట్లో?" అన్నాడు. ఒక గంట వాని ప్రక్కన కూర్చుండి మీరే చూడండి అన్నాను. ఆ చిత్రములో డ్రాగన్లు కుక్కపిల్లలవలె మచ్చికయగుట చూచి పిల్లలు చెడుతో ఆడుకొనవచ్చుననుకొంటారేమో అను సందేహము నాకును కొంచెము ఉన్నది. ప్రక్కన పెద్దవారు కూర్చుంటే ఆ మాట మాట్లాడవచ్చును.

తిరుగు ప్రయాణములో పిల్లలు కథ అడిగారు. నేను చెప్పినది సి.ఎస్. లూయిస్ 1952లో ప్రచురించిన "ది వాయేజ్ ఆఫ్ ది డాన్ ట్రెడర్"లోనిది. లూయిస్ ఆక్స్‌ఫర్డులో బోధకుడు, చాలాకాలము నాస్తికుడుగా ఉండి 1931లో క్రీస్తునొద్దకు వచ్చినవాడు. ఆ పుస్తకములో యూస్టస్ అని ఒక చిడిముడి పిల్లవాడు. వాడు ఎగుమతులు, దిగుమతులు, మురుగుకాలువల లెక్కలున్న పుస్తకములే చదివాడు గాని డ్రాగన్ల సంగతి చెప్పేవి చదువలేదట, అందుకే గుహలోనుండి వచ్చినది ఏమిటో గుర్తుపట్టలేకపోయాడని లూయిస్ పరిహాసము. (మన పిల్లలను గైడ్లు తప్ప మరేమీ ముట్టనియ్యని తండ్రులు ఇక్కడ ఆగి మరొకసారి చదువవలెను.) ఆ డ్రాగన్ చచ్చిన తరువాత యూస్టస్ దాని గుహలో బంగారపు కుప్పమీద, అదంతా నాదే అనుకొంటూ, కడియము చేతికి తొడుగుకొని నిద్రపోతాడు. లేచేసరికి తానే డ్రాగన్. కడియము బిగిసి నొప్పి. ఏడ్చినా వేడి కన్నీళ్ళే గాని మాట రాదు.

అప్పటివరకు ముఖము అటు త్రిప్పుకొని కూర్చున్న మా బాలుడు, "వాళ్ళవాళ్ళు వాణ్ణి చంపేయలేదా?" అని అడిగాడు.

చంపలేదు. ఆయుధములు పట్టుకొని వచ్చి, వాని కన్నీళ్ళు చూచి, నీవు యూస్టసువా అని అడిగారు. వాడు తల ఊపాడు. చలి రాత్రులలో వాని వెచ్చని ప్రక్కకు ఆనుకొని కూర్చున్నారు. వాడును పడవకు కొయ్య కావలసివస్తే పెద్ద చెట్టును పెల్లగించి తెచ్చి ఇచ్చాడు. తరువాత ఒక రాత్రి అస్లాన్ అను సింహము వచ్చి వానిని కొండమీది నీటిబుగ్గ యొద్దకు నడిపించింది. స్నానముకు ముందు చర్మము విప్పుకొమ్మన్నది. వాడు మూడుసార్లు ఒలుచుకొన్నాడు, మూడుసార్లు క్రింద మరొక చర్మము. చివరకు సింహము తన గోళ్ళతో లోతుగా ఒలిచింది. గుండెవరకు తగిలినట్లు నొప్పి. నీటిలో వేసినప్పుడు వాడు మరల బాలుడు. కడియము జారిపోయింది.

తండ్రి పడవ వెనుక గడ పట్టుకొని నిలువబడి వినుచున్నాడు. ఏమియు అనలేదు. రేవు వచ్చినప్పుడు ఆయన నీటిలోనికి దిగి పిల్లలను ఒక్కొక్కరిని ఎత్తి దింపాడు, తన వానిని కూడా. వాడు ఎత్తనిచ్చాడు. రెండు వారములు గడచిన తరువాత అక్కడి సువార్తికుడు ఫోను చేసినప్పుడు, బాలుడు ఆదివార బడికి వచ్చి వెనుక వరుసలో కూర్చున్నాడని చెప్పాడు.

ఇతర పుస్తకముల సంగతి. లూయిస్ పుస్తకములో ఈ కథ 6, 7 అధ్యాయములలో ఉన్నది. ఇంగ్లీషు చదువగలవారు చదివి తెలుగులో పిల్లలకు చెప్పవచ్చును. 2010లో తీసిన సినిమాలో చర్మము ఒలుచు ఘట్టమును చాలా కుదించారు, పుస్తకమే మేలు. లూయిస్‌తో మాట్లాడి విశ్వాసమునకు నడిపినవారిలో ఒకడైన టోల్కీన్ 1937లో "ది హాబిట్" వ్రాశాడు. అందులో స్మాగ్ అను డ్రాగన్ తన కుప్పలో ఒక్క గిన్నె పోయిందని ఊరంతా కాల్చబోతుంది. అది చచ్చిన తరువాతనే అసలు కథ. ఆ నిధిమీద ఆశ మరుగుజ్జుల నాయకుని పట్టి, స్నేహితులను శత్రువులుగా చేస్తుంది. భూముల ధరలు పెరిగిన ఊళ్ళలో అన్నదమ్ముల తగవులు తీర్చబోయిన కాపరులకు ఆ భాగము కొత్తగా ఉండదు. పన్నెండేళ్ళు దాటినవారికి ఇవ్వవచ్చును.

2011 నుండి 2019 వరకు వచ్చిన "గేమ్ ఆఫ్ థ్రోన్స్", 2022లో మొదలైన "హౌస్ ఆఫ్ ది డ్రాగన్" అను ధారావాహికలు మాత్రము వేరు. డ్రాగన్ బొమ్మ చూచి పిల్లల కథ అనుకొనవద్దు. వ్యభిచారము, వావివరుసలు లేని సంబంధములు, క్రూరమైన హింస బాహాటముగా చూపుతారు. పట్టణములలో ఉద్యోగము చేయు మన యౌవనస్థులు ఫోనులో దింపుకొని సెలవులకు ఇంటికి తెచ్చుచున్నారు. ఆ ఫోను తమ్ముళ్ళ చేతికి పోకుండ చూడండి.

ఇంగ్లీషు రాని ఇంటిలో ఏమి చదువవలెనని అడుగుతారు. 1678లో జాన్ బన్యన్ ప్రచురించిన "యాత్రికుని ప్రయాణము" తెలుగులో ఉన్నది, మన తాతల పెట్టెలలో కూడా ఉండవచ్చును. అందులో క్రైస్తవుడు లోయలో అపొల్లుయోనును ఎదుర్కొంటాడు. చేప పొలుసులు, డ్రాగన్ రెక్కలు, ఎలుగుబంటి పాదములు, సింహపు నోరు, కడుపులోనుండి నిప్పు, పొగ. ఆ పేరు ప్రకటన 9వ అధ్యాయములో ఉన్నది, ముందు అది చదివించండి. పోరాట ఘట్టము కొన్ని పేజీలే, పిల్లలు పడుకొనబోవుటకు ముందు గట్టిగా చదివితే ఒక రాత్రిలో అయిపోవును.