ఒకే పద్దుకు రెండు పేర్లు

మాది వ్యవసాయ కుటుంబం. పోయిన సంక్రాంతి సెలవులకు ఇంటికెళ్ళినప్పుడు నాన్న, "ఒరేయ్, నువ్వు చదివే ఆ కంప్యూటరు మన లెక్కలకేమన్నా పనికొస్తుందా?" అనడిగాడు. "ఎందుకు పనికిరాదు నాన్నా!" అని గొప్పగా చెప్పాను.

మిరపతోటకు నాన్న, బాబాయి ఒకే కొట్లో అరువు తెస్తారు. ఇద్దరి పద్దులూ దాదాపు ఒకటే. బాబాయి మాత్రం ఒక తడవ మందు ఎక్కువ కొట్టాడు. నాన్న పద్దులను పైథాన్ భాషలో ఒక లిస్టుగా రాసి 'నాన్న' అని పేరు పెట్టాను. మళ్ళీ అదంతా కొట్టడమెందుకని 'బాబాయి = నాన్న' అని ఒక్క లైను రాసి, బాబాయి లిస్టుకు ఆ మందు తాలూకు 4,500 చేర్చాను. నాన్నకు 42,000, బాబాయికి 46,500 రావాలి. తీరా చూస్తే ఇద్దరికీ 46,500!

నాన్న మొహం మారింది. "వాడు తెచ్చుకున్న మందు నా పద్దులో రాయించాడా?" అన్నాడు. అప్పుడే గుమ్మంలోకొచ్చిన బాబాయి ఆ మాట విన్నాడు. మారుమాట్లాడకుండా వెనుదిరిగాడు. ఆ రాత్రి మా ఇంట్లో ఎవరికీ అన్నం సయించలేదు.

తప్పు నాది. సీ భాష నేర్చుకున్న రోజుల్లో వేరియబుల్ అంటే డబ్బా అనుకున్నాను. పైథాన్‌లో అది డబ్బా కాదు, వస్తువుకు కట్టిన చీటీ. 'బాబాయి = నాన్న' అంటే కొత్త లిస్టు పుట్టదు. ఉన్న లిస్టుకే రెండో చీటీ పడుతుంది. నేను ఇంట్లో బుజ్జిని, కాలేజీలో రోల్ నంబర్ని. బుజ్జికి జ్వరమొస్తే రోల్ నంబరుకు రాకుండా ఉంటుందా?

అంకెలతో ఈ చిక్కు లేదు. 5కు 1 కలిపితే 5 మారదు. 6 అనే వేరే వస్తువు వస్తుంది, చీటీ దానికి మారుతుంది. లిస్టు అలాకాదు, ఉన్నచోటనే పెరుగుతుంది. 'నాన్న.copy()' అని రాసివుంటే బాబాయికి వేరే లిస్టు వచ్చేది.

తెల్లవారి ఆ లైను దిద్దుకొని, నాన్నను వెంటబెట్టుకొని బాబాయి ఇంటికెళ్ళాను. సంగతంతా విని బాబాయి, "మన బావి మాదిరన్నమాట. అన్న బావి అన్నా నా బావి అన్నా నీళ్ళొకటే" అని నవ్వాడు. నాన్న తల దించుకొని, "నిన్న నోరు జారాన్రా" అన్నాడు.

మిత్రులారా! ఈక్వల్ గుర్తు కనపడగానే కాపీ అయిందనుకోకండి. పెద్దవాళ్ళకు చూపించేముందు ఒక్కసారి చేత్తో కూడి చూసుకోండి.