వెల్లకిలా పడ్డ పీతలు

మేమిద్దరం గుమాస్తాలం. ఒకరిది మెడికల్ బిల్లింగు ఆఫీసులో కోడ్లు కొట్టే పని, ఒకరిది గోడౌన్ ఆఫీసులో ట్రక్కుల లెక్క రాసే పని. ఇద్దరి చదువూ ఇంటర్‌తో ఆగిపోయింది. మాది శ్రీకాకుళం జిల్లాలో సముద్రం పక్క పల్లె. అక్క వేసిన పిటిషను పద్నాలుగేళ్ళు నానింది. పెళ్ళికి ముందు వేసింది, పెళ్ళై, పాప పుట్టి, దానికి పళ్ళొచ్చాక గానీ తేలలేదు. 2019లో న్యూజెర్సీలోని ఎడిసన్‌కి వచ్చి పడ్డాం.

ప్రకృతి అంటే మా దృష్టిలో సెలవులున్న వాళ్ళ సరదా. ఎల్లోస్టోన్ వెళ్ళొచ్చామనీ, గ్రాండ్ కాన్యన్ చూశామనీ ఎవరైనా ఫోటోలు చూపిస్తే బాగున్నాయండీ అని ఊరుకుంటాం. మాకు శనివారమంటే ఓవర్‌టైము. ఇద్దరమూ చేస్తే ఆ ఒక్క పూటకి 180 డాలర్ల దాకా వస్తుంది. ఇండియాకి పంపే డబ్బు దానిలోంచే.

2024 మే నెలలో తొమ్మిదేళ్ళ మా పాప స్కూలు నుంచి ఒక బొమ్మ గీసుకొచ్చింది. బోర్లించిన మూకుడుకి తోక పెట్టినట్టుంది. హార్స్‌షూ క్రాబ్ అట. మన భాషలో గుర్రపు నాడా పీత అనుకోండి. డెలావేర్ బే ఒడ్డుకి వస్తాయి, వెళదాం అంది. చూద్దాంలే అన్నాం. ఇంకో వారం అడిగింది, మళ్ళీ అదే మాట. మూడోసారి అడగలేదు. "మీరు సముద్రం పక్కనే పుట్టామంటారు కదా, నాకు ఒక్కసారైనా సముద్రం చూపించారా?" అని తన గదిలోకి వెళ్ళిపోయింది. ఐదేళ్ళుగా సముద్రానికి గంట దూరంలో ఉంటూ దాన్ని ఒక్కసారీ తీసుకెళ్ళలేదని అప్పుడు గుర్తొచ్చింది. ఆ రాత్రి అన్నం సహించలేదు.

మే, జూన్ నెలల్లో పౌర్ణమికీ అమావాస్యకీ పోటు బాగా ఉన్నప్పుడు ఈ పీతలు గుడ్లు పెట్టడానికి ఒడ్డుకు వస్తాయని పాప కాగితంలో ఉంది. వంటింట్లో తెలుగు కేలండరు దించి చూశాం. జూన్ 22 శనివారం, ఏరువాక పున్నమి. పీతలకీ మన రైతుకీ ఒకే కేలండరన్నమాట! ఆ శనివారం రాలేమని ఇద్దరమూ ఆఫీసుల్లో చెప్పేశాం. ఒక చోట సరే అన్నారు, ఒక చోట మొహం చిట్లించారు.

గార్డెన్ స్టేట్ పార్క్‌వే మీద దక్షిణంగా రెండు గంటలు పైన పట్టింది, కేప్ మే కౌంటీలో రీడ్స్ బీచ్‌కి. పులిహోర, పెరుగన్నం డబ్బాల్లో సర్దుకున్నాం. 2013 నుంచి అక్కడ 'రిటర్న్ ద ఫేవర్' అనే కార్యక్రమం కింద వాలంటీర్లు రాత్రిళ్ళు ఒడ్డు వెంట నడిచి, చిక్కుకుపోయిన పీతల్ని కాపాడుతున్నారు. వాళ్ళ వెంట నడుస్తామని ముందే పేరు ఇచ్చాం.

మా ఊళ్ళో సముద్రంలోంచి సూర్యుడు పైకి లేస్తాడు. ఇక్కడ నీళ్ళలోకి దిగాడు. పాప నీళ్ళ అంచున నిలబడి కదలకుండా చూసింది. కాసేపటికి అలల్లో నల్లగా ఏవో కదిలాయి. ఒకదాని వెనక ఒకటి, పెద్ద ఆడపీత వీపు పట్టుకుని చిన్న మగపీత. డైనోసార్ల కంటే ముందు నుంచీ, దాదాపు 45 కోట్ల ఏళ్ళుగా ఈ జాతి ఇలాగే వస్తోందట. పేరుకే పీత, చుట్టరికం సాలీళ్ళతో.

అలల తాకిడికి కొన్ని వెల్లకిలా పడిపోతాయి. తోకని ఇసుకలో పొడిచి తిరగబడాలని చూస్తాయి. కుదరకపోతే మర్నాడు ఎండకి ఎండిపోతాయి, లేదా సీగల్స్ పొడిచి తింటాయి. కొన్ని రాళ్ళ సందుల్లో ఇరుక్కుంటాయి. తోక పట్టి లాగకూడదు, చిప్ప అంచు రెండు చేతులా పట్టుకుని మెల్లగా తిప్పాలి అని వాలంటీరు ఒకావిడ చూపించారు. కిలబిలమని ఆడే ఆ కాళ్ళు చూసి మేము రెండడుగులు వెనక్కి వేశాం. పాప మాత్రం వంగి తిప్పేసింది. అది నెమ్మదిగా నీళ్ళలోకి పోయింది. "వెళ్ళింది నాన్నా, వెళ్ళింది!" ఆ తరవాత మాకూ భయం పోయింది.

ఎన్ని తిప్పామో రాయడానికి ఒక ఫారం ఇచ్చారు. హమ్మయ్య, ఇక్కడ మా చదువు పనికొచ్చింది! నాలుగు గీతలు, అడ్డంగా ఒకటి. పాప తిప్పుతుంటే మేము గీశాం. రాత్రి పదకొండుకి లెక్క 63.

ఆవిడ చెప్పిన మరో మాట మమ్మల్ని వదల్లేదు. ఈ పీత రక్తం నీలంగా ఉంటుంది, అందులో రాగి ఉంటుంది కాబట్టి. బాక్టీరియా విషం ఏ కాస్త తగిలినా గడ్డ కడుతుంది. అందుకే ఇంజెక్షన్లు, టీకాలు శుభ్రంగా ఉన్నాయో లేదో దానితో పరీక్షిస్తారు. 1977లో ఎఫ్‌డీఏ ఒప్పుకున్న పద్ధతి ఇది. పీతల్ని పట్టి, కొంత రక్తం తీసి, తిరిగి వదిలేస్తారు. అన్నీ బతకవు. బిల్లింగు ఆఫీసులో రోజూ మేము కొట్టే ఇంజెక్షన్ కోడ్ల వెనక ఈ జీవం ఉందని ఎవరూ చెప్పలేదు. పీత అవసరం లేకుండా ల్యాబులో తయారైన పదార్థాలు కూడా వచ్చాయి. అమెరికా మందుల ప్రమాణాల్లో వాటి వాడకానికి 2025 మేలో దారి దొరికింది.

పీత గుడ్ల కోసం దక్షిణ అమెరికా కొస నుంచి రెడ్ నాట్ అనే పిట్టలు వేల మైళ్ళు ఎగిరొస్తాయి. మే నెలలో ఇక్కడ రెండు వారాలు తిని, బరువు దాదాపు రెట్టింపు చేసుకుని, ఆర్కిటిక్‌కి వెళ్ళిపోతాయి. ఎరకోసం పీతల్ని విపరీతంగా పట్టేయడంతో ఆ పిట్టలూ తగ్గిపోయాయి. అందుకే న్యూజెర్సీ 2008లో ఈ పీతల్ని పట్టడమే నిషేధించింది. మేము వెళ్ళేసరికి పిట్టలు వెళ్ళిపోయాయి. పాపకి అదొక్కటే వెలితి.

తిరుగు దారిలో అది నిద్రపోతుందనుకున్నాం. "మీ ఊళ్ళో ఏం వచ్చేవి?" అని అడిగింది. తాబేళ్ళు అన్నాం. మాఘ, ఫాల్గుణాల్లో ఆలివ్ రిడ్లీలు ఒడ్డుకొచ్చి గుంట తవ్వి వంద దాకా గుడ్లు పెట్టేవి. "వాటికి మీరు హెల్ప్ చేశారా?" కారులో మాట లేదు. మేము చేసింది వేరు. అడుగుల జాడ పట్టి వెళ్ళి గుంటలు తవ్వాం, గుడ్లు బంతుల్లా విసురుకున్నాం, కుక్కలకి వేశాం. తప్పని చెప్పినవాళ్ళు లేరు, మాకూ తోచలేదు. అబద్ధం చెప్పొచ్చు, చెప్పలేదు. పాప చాలాసేపు కిటికీలోంచి చూసింది. "ఇప్పుడెవరు చూస్తారు వాటిని?" అంది. ఫారెస్టు వాళ్ళు గుడ్లు ఏరి, కంచె కట్టిన ఇసుకలో పెట్టి, పిల్లలయ్యాక సముద్రంలో వదులుతున్నారని చెప్పాం.

మర్నాడు అమ్మకి ఫోన్ చేసి పీతల సంగతి చెబితే, "ఏటర్రా, అన్ని పీతలు దొరికితే పులుసెట్టుకోకుండా నీళ్ళలోకి తోసేసినారా?" అంది. పాప స్పీకరులో నవ్వి నవ్వి పొర్లింది. తరవాత అమ్మే, ఊళ్ళో తాబేళ్ళ పిల్లల్ని వదిలేటప్పుడు స్కూలు పిల్లల్ని కూడా తీసుకెళ్తున్నారని చెప్పింది.

మీరూ వెళ్ళాలంటే ఒక సంగతి. పిట్టల కోసం మే 7 నుంచి జూన్ 7 దాకా అక్కడి చాలా ఒడ్డుల్లోకి మనుషుల్ని రానివ్వరు. దూరం నుంచి చూడటానికి చోట్లున్నాయి. దోమల మందు, తడిసినా ఫరవాలేని బూట్లు, తిన్న చెత్త వెనక్కి తెచ్చుకోవడానికి ఒక సంచీ తీసుకెళ్ళండి.

ఆ నెల ఇండియాకి పంపింది కాస్త తగ్గింది. ఎందుకు తగ్గిందని అమ్మ అడగలేదు. కొత్త కేలండరు ఇంటికి రాగానే మే, జూన్ పేజీలు ముందు పాపే తిప్పుతుంది. పున్నమి, అమావాస్యల పక్కన చిన్న మూకుడు బొమ్మ గీసి, దానికి తోక పెడుతుంది.