స్మార్ట్ అనబడేది బుద్ధియేనా?

పసివాడు సెల్‌ఫోనులో తనకు కావలసిన పాటను తానే వెదికి పెట్టుకొంటే "ఎంత స్మార్టో!" అని ఇంటిల్లిపాదీ మురిసిపోతారు. ఇతరుల చేత పని చేయించి పేరు మాత్రం తాను తెచ్చుకొనే ఉద్యోగి కూడా స్మార్టే. ఇస్త్రీ మడత నలగకుండా దుస్తులు ధరించినవాడూ స్మార్టే. చేతిలోని ఫోను, గోడమీది టీవీ సైతం స్మార్టే. ఒకే పదం శిశువుకు, కపటికి, వస్త్రానికి, యంత్రానికి సమానంగా వర్తిస్తున్నప్పుడు ఆ పదంతో ప్రశంసింపబడుతున్నది ఏ గుణమో విచారించడం అవసరం. ఎందుకనగా, ఏ ఇంట ఏ గుణానికి ప్రశంస లభిస్తుందో ఆ ఇంటి పిల్లలు ఆ గుణాన్నే అభ్యసిస్తారు.

ప్రాచీన ఆంగ్లంలో స్మార్ట్ అనే పదానికి అర్థం బుద్ధి కాదు, బాధ. గుచ్చుకొని మండే నొప్పిని ఆ మాట చెప్పేది. పుండు చురచురమన్నప్పుడు ఆంగ్లేయులు నేటికీ ఆ క్రియనే వాడుతారు. నొప్పిలోని తీవ్రత క్రమంగా వేగంగా, వేగం తెలివిగా పరిణమించింది. తెలుగువారికి ఇది వింత కాదు. ఎండ చురుక్కుమంటుంది, పిల్ల చురుకైనది. సంస్కృతంలోని కుశాగ్రబుద్ధి అనే సమాసం కూడా ఇట్టిదే. దర్భకొన వలె సూక్ష్మమైన బుద్ధి అని దాని భావం. ఆ కొన పవిత్రమైనదే కాని, అజాగ్రత్తగా పట్టుకొన్న వేలిని కోస్తుంది. పదునుకు తనదైన ధర్మాధర్మాలు లేవు. అది ఎవరి చేతిలో ఉన్నదనేదే ప్రశ్న.

మరి రెండు పదాల చరిత్ర ఇంకను విచిత్రం. కన్నింగ్ అనే పదం మొదట జ్ఞానాన్ని, నైపుణ్యాన్ని సూచించిన గౌరవవాచకం. సంస్కృతంలోని 'జ్ఞా' ధాతువుకు అది దూరపు బంధువు. 1611 నాటి ఆంగ్ల బైబిలు అనువాదంలో నేర్పరియైన పనివాణ్ణి ఈ పదంతోనే మెచ్చుకొన్నారు. కాలక్రమంలో అది దిగజారి మోసానికి పర్యాయమైనది. ష్రూడ్ అనే పదం దీనికి విపరీతంగా నడిచింది. ఒకప్పుడు దుష్టుడు, హానికరుడు అనే అర్థంలో వాడిన ఆ మాట నేడు లాభనష్టాలెరిగిన వ్యవహారదక్షునికి బిరుదైనది. తెలుగులోని 'జాణ' కూడా తెలియడం అనే అర్థం గల ధాతువు నుండే ప్రాకృతం మీదుగా వచ్చినది. నేడు ఆ మాటను ప్రశంసగా గ్రహించాలా, ఆక్షేపణగా గ్రహించాలా అన్నది పలికేవారి కంఠస్వరమే నిర్ణయిస్తుంది. జ్ఞానవాచకం కపటవాచకంగా, దుష్టవాచకం ప్రశంసగా మారడం భాషకు సహజం. అయితే మాట మారినంత మాత్రాన కర్మ మారదు, కర్మఫలమూ మారదు.

ఇక ఇంటెలిజెంట్ అనే పదం లాటిన్‌లో 'నడుమ' అనే మాటకు 'ఏరుకొను' అనే క్రియ చేరగా ఏర్పడినది. రెంటి నడుమ భేదమెరిగి ఏరుకోవడమే దాని మూలార్థం. వివేకం అనే పదానికీ వేరుపరచడమనే అర్థం. వ్యుత్పత్తిని బట్టి ఇవి రెండూ తోబుట్టువుల వంటివే. వాడుకలో మాత్రం దూరమైనాయి. 1905లో ఆల్‌ఫ్రెడ్ బినే, తియొడోర్ సీమోన్ పారిస్‌లో రూపొందించిన పరీక్ష, బడిలో ప్రత్యేక సహాయం అవసరమైన పిల్లలను గుర్తించడానికి ఉద్దేశింపబడినది. తరువాతి కాలంలో ఇటువంటి పరీక్షల ఫలితం ఒక అంకెగా మారి మనిషి విలువకు కొలమానమై కూర్చున్నది. వేదాంతంలోని నిత్యానిత్యవస్తువివేకానికి అటువంటి అంకె లేదు. వైజ్ అనే పదం మాత్రం 'విద్' ధాతువుకు సజాతీయం; వేదశబ్దానికి, ఈ ఆంగ్లపదానికి మూలం ఒక్కటే.

అమరకోశం బుద్ధికి 14 పేర్లు చెబుతుంది. బుద్ధి, మనీష, ధిషణ, ధీ, ప్రజ్ఞ, శేముషి, మతి మొదలైనవి ఆ వరుసలోనివి. వాటి వెంటనే ధారణశక్తి గల బుద్ధిని మేధ అని వేరుగా నిర్వచిస్తుంది. మోక్షవిషయంలో ప్రవర్తించే బుద్ధి జ్ఞానమని, శిల్పశాస్త్రాలలో ప్రవర్తించేది విజ్ఞానమని విభజిస్తుంది. నిఘంటుకారుడు ఇక్కడ బుద్ధి పరిమాణాన్ని చూడలేదు. అది ఏ వైపు తిరిగి ఉన్నదో చూచినాడు.

భగవద్గీత 18వ అధ్యాయంలోని విభాగమూ ఈ దృష్టితోనే సాగుతుంది. ఏది కార్యమో ఏది అకార్యమో, ఏది భయమో ఏది అభయమో, ఏది బంధమో ఏది మోక్షమో ఎరిగినది సాత్త్వికబుద్ధి. ధర్మాధర్మాలను ఉన్నవి ఉన్నట్లు కాక తప్పుగా గ్రహించేది రాజసం. అధర్మాన్నే ధర్మమని తలచి సర్వాన్నీ తలక్రిందులుగా చూచేది తామసం. తామసమైనది మందబుద్ధియే అయి ఉండనక్కరలేదు, అతిచురుకైనదీ కావచ్చును. శకుని పాచికల నైపుణ్యం సామాన్యమైనదా? లాక్షాగృహానికి బయలుదేరుతున్న ధర్మరాజుకు విదురుడు ఇతరులకు అర్థం కాని గూఢవాక్యాలతో ప్రమాదాన్ని సూచించినాడు. అదీ చాతుర్యమే. ఒక చాతుర్యం రాజ్యాన్ని అపహరించినది, మరొకటి తల్లినీ అయిదుగురు కుమారులనూ అగ్ని నుండి కాపాడినది.

ఈ భేదం గృహస్థుని వాకిట ఎలా నిలుస్తుందో ఒక ఉదాహరణతో ఊహించవచ్చు. తండ్రి గతించిన పిమ్మట, కాలువ పక్కనున్న మాగాణిని తమ్ముడు తల్లికి విషయం చెప్పకుండానే ఆమె చేత సంతకం పెట్టించి తన పేర రాయించుకొన్నాడనుకొందాం. అన్నకు మెట్ట మిగిలింది. న్యాయస్థానానికి వెళితే గెలుపు సాధ్యమే. కాని వృద్ధురాలైన తల్లిని బోనులో నిలబెట్టి ప్రశ్నలు అడిగించడానికి మనసొప్పక అతడు ఊరకున్నాడు. బంధువులు తమ్ముణ్ణి స్మార్ట్ అంటారు, అన్నను తెలివితక్కువవాడంటారు. నిజానికి ఆంగ్లభాషలోనే తమ్మునికి కన్నింగ్ అనే మాట, అన్నకు వైజ్ అనే మాట సిద్ధంగా ఉన్నాయి. అయితే అన్న ఊరకున్నది కేవలం పిరికితనంతోనే అయితే ఆ రెండవ మాట అతనికి చెల్లదు. బయటికి ఒకటిగా కనిపించే మౌనానికి లోపల భయమూ కారణం కావచ్చు, భయాభయాల ఎరుకా కారణం కావచ్చు. ఈ మాటలన్నీ వింటూ పక్కన కూర్చున్న పిల్లవాడు మాత్రం ఏ పేరు సంపాదించుకోవాలో ఆ రోజే నేర్చుకొంటాడు.

అలాగని పదును నిందింపదగినది కాదు. ఆత్మ మేధ చేత లభించేది కాదని చెప్పిన కఠోపనిషత్తే, అది ఏకాగ్రమైన సూక్ష్మబుద్ధికి గోచరిస్తుందని కూడా చెబుతుంది. ఛాందోగ్యంలో శ్వేతకేతువు 24వ ఏట సమస్తవేదాలు చదివి గర్వంతో ఇంటికి వచ్చినాడు. తండ్రి ఉద్దాలకుడు అతని చదువును తీసివేయలేదు. దేనిని తెలిస్తే తెలియనిదంతా తెలిసినదవుతుందో దానిని అడిగి తెలుసుకొన్నావా అని మాత్రం ప్రశ్నించినాడు. ఆ ప్రశ్నతో అతని పదునుకు ఒక దిశ ఏర్పడినది.

తెలుగులో 'తెలివి' అంటే స్వచ్ఛత, వెలుగు, స్పృహ కూడా. మూర్ఛపోయినవానికి తెలివి వచ్చిందంటారు. ఇంటిలో పిల్లలను మెచ్చుకొనేటప్పుడు ఆ తెలివి దేనికి వినియోగమైనదో ఒక్క మాట చేర్చి మెచ్చుకొంటే చాలు. తోటివానికి లెక్క బోధించిన తెలివిని, దొరికిన డబ్బు తిరిగి ఇచ్చిన తెలివిని పెద్దలు పేరు పెట్టి గుర్తిస్తే పిల్లలకు భేదం బోధపడుతుంది. గాయత్రీమంత్రాన్ని జపించేవారు సవితృదేవుని తమకు అధికమైన బుద్ధి ఇమ్మని కోరరు. ఉన్న బుద్ధులను ప్రేరేపించమని కోరుతారు. అదియును 'నా బుద్ధిని' అని కాక, 'మా బుద్ధులను' అని.